ఎడమ చెయ్యి లేపితే

కోస్గిలో పండ్ల దవాఖాన పెట్టిన నలభై రోజులకే డాక్టర్ రఘుపతికి పొగరెక్కింది.

ఎక్కదా మరి! ఇరవై ఆరేళ్ల కుర్రాడు. హైదరాబాద్‌లో చదువు ముగించి నిండా ఏడాది కాలేదు. అప్పుడే అంగడి రోజున అతని అరుగు మీద కూర్చోవడానికి జాగా చాలడం లేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు దవడకు తువ్వాల కట్టుకుని బండ్లు దిగుతున్నారు. "గా డాక్టర్ పన్ను గుంజితే తెల్వనే తెల్వది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. హస్తవాసి అంటున్నారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా రఘుపతి తన రెండు చేతులనూ కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసుకునేవాడు.

అతనికి ఒక పద్ధతి ఉన్న మాట నిజమే. వచ్చినవాళ్లను వచ్చినట్టే కుర్చీ ఎక్కించడు. ముందు వానల గురించి, ఎడ్ల గురించి ముచ్చట పెడతాడు. తరువాత పటకారు వాళ్ల చేతికే ఇచ్చి, "పట్టుకొని చూడు, ఇంతే గదా" అంటాడు. కాలితో తొక్కే మిషనును వాళ్ల గోటి మీద ఆడించి చూపిస్తాడు. చల్లటి ఇనుము తగిలితే పెదవి ఉలిక్కిపడుతుందని సామాన్లన్నీ వేడినీళ్లలోంచి తీసి వాడతాడు. ఇవన్నీ అయ్యాక అసలు మాట చెబుతాడు.

"నొప్పైతే ఎడమ చెయ్యి లేపు. లేపినవంటే ఆపేస్త. నా మీద ఒట్టు."

పటకారును చూసి కాదు మనిషి భయపడేది, నోరు తెరిచాక ఆపమని చెప్పే వీలుండదని భయపడతాడు అని అతనికి చదువు చెప్పిన పెద్దాయన అనేవాడు. రఘుపతి ఆ మాటను మనసులో రాసుకున్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఈ నలభై రోజుల్లో ఒక్కసారి కూడా అతనికి ఆపే అవసరం రాలేదు. చెయ్యి లేపేవాళ్లు లేపుతూనే ఉన్నారు. లేపిన చెయ్యి గాలిలో అలాగే నిలిచి, మెల్లగా వేళ్లు ముడుచుకునేది. ముఖంలో బిగువు సడలేది. "ఆపాల్నా?" అని అడిగితే తల అడ్డంగా ఊపేవాళ్లు. అదంతా తన గొప్పే అనుకున్నాడు మనవాడు.

ఒకనాడు లచ్చయ్య వచ్చాడు. వడ్ల బస్తాను ఒంటి చేత్తో భుజానికెత్తే మనిషి, కుర్చీని చూడగానే గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. అతనికీ అంతే. చెయ్యి లేచింది, వేళ్లు ముడుచుకున్నాయి, పన్ను వచ్చేసింది.

"ఏంది లచ్చయ్యా, చెయ్యి లేపి మళ్ల వద్దంటివి?" అని నవ్వుతూ అడిగాడు రఘుపతి.

"ఆపమందామనే లేపిన సారూ. గా అమ్మ చెయ్యందిచ్చె గద. ఇగ నొప్పి యాడికో పోయింది."

"ఏ అమ్మ?"

"మీ తాన పనిజేసే అమ్మ. గా పరదా ఎనుక ఉండె. మొకం కనవడలే." లచ్చయ్య తన ఎడమ అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. "కుడి చెయ్యి. సల్లగ, గరుకు గరుకుగ ఉండె. చిటికెన వేలు జర వంకర."

రఘుపతి దవాఖానలో రఘుపతి తప్ప పనిచేసే పురుగు కూడా లేదు.

అతను పరదా వైపు చూశాడు. కుర్చీకి ఎడమ పక్కన, గోడకు ఒక తలుపు ఉంది. దాని మీద తనే పూల పరదా వేలాడదీశాడు. తలుపు అవతల ఇంటి యజమాని కాటమయ్య కాపురం. కాటమయ్యకు అంగట్లో తాళ్లు, గంపలు అమ్మే దుకాణం. భార్య లేదు. ఒక్కగానొక్క కూతురు, పేరు అండాలు.

గాలి లేదు గానీ పరదా కొద్దిగా కదిలింది.

ఇంకేముంది! మన డాక్టరుకు అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాడు. తను కుడి పక్కన నిలబడి, తలవంచి, కళ్లు నోట్లోనే పెట్టి పనిచేస్తాడు. కుర్చీకి అవతల ఏం జరిగేదీ తనకు కనపడదు. అండాలు తలుపు ఓరగా తీసి, పరదా సందులోంచి చెయ్యి అందిస్తోందన్నమాట! ఎవరికీ చెప్పకుండా, నలభై రోజులుగా!

ఆ పిల్లను అతను నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఆమె కొంగుతో కుడి చెంప కప్పుకుని, తల తిప్పుకుని పోయింది. అది సిగ్గనుకున్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. అప్పటిదాకా కాటమయ్యను 'కాకా' అని పిలిచినవాడు మరునాటి నుంచి 'మామా' అనడం మొదలుపెట్టాడు. కాటమయ్య ఒక్క క్షణం ఆగి, మళ్లీ తాళ్లు పేనుకుంటూ కూర్చున్నాడు.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. అండాలు చూరు కింద బిందె పెట్టి, నిండేదాకా చూస్తూ నిలబడింది. కొంగు చెంప మీదే ఉంది. రఘుపతి అరుగు దిగి వచ్చాడు. సగం తడిశాడు. ఆ సంగతి అతనికి తెలియదు.

"అండాలూ, ఒక్క మాట."

"చెప్పుండ్రి."

"శానా థాంక్స్."

"దేనికి?"

"దేనికో తెల్వనట్టు! నా దవాఖాన నడుస్తాందంటే సగం నీ పుణ్యమే."

"నేనేం జేసిన డాక్టర్ సాబ్? మీ దిక్కు నేను రానే రాను."

"నువ్వు రావు, నీ చెయ్యి వస్తది గద." రఘుపతి గొంతు తగ్గించి నవ్వాడు. "లచ్చయ్య అంతా చెప్పిండు. గింత నాజూకు పిల్ల చెయ్యి గంత గరుకేంది? చిటికెన వేలు గూడ వంకరనంట. ఏదీ, జర చూపియ్యి."

బిందె నిండి పొర్లింది. అండాలు దాన్ని తీయలేదు. ఆమె మొహం రక్తమంతా ఎవరో తోడేసినట్టు తెల్లబడింది.

"వంకర... ఏ చేతిది?"

"కుడి చేతిది."

ఆమె తన కుడి చెయ్యి ముందుకు చాచింది. సన్నటి తిన్నటి వేళ్లు. చిటికెన వేలు అన్నిటికంటే తిన్నగా ఉంది.

"సచ్చిపోయిన మనిషి మీద పరాచికాలాడుతున్నరా?" అంది. "మా అవ్వ మీకేం జేసింది? సదువుకున్నోల్లు, సిగ్గనిపిస్తలేదా?"

బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయింది. తలుపు ధడేల్మంది. మన హస్తవాసి డాక్టరు వానలో నిలబడి నోరు తెరిచి చూశాడు.

కాటమయ్య బయటికి వచ్చి అతన్ని ఇంట్లోకి తీసుకుపోయాడు. ఆ తలుపును ఇంటి వైపు నుంచి చూపించాడు. తలుపుకు అడ్డంగా మూడు చెక్కలు కొట్టి ఉన్నాయి. మేకులు తుప్పు పట్టాయి. పై చెక్క నుంచి కింది చెక్క దాకా సాలెగూడు దుమ్ము పట్టి వేలాడుతోంది. అందులో ఒక్క పోగు కూడా తెగలేదు.

"మూడేండ్లాయె బిడ్డా, గీ తలుపు తెరిచి," అన్నాడు కాటమయ్య. "మీ కుర్చీ ఉన్న అర్రల్నే నన్ను గన్న అవ్వ, గీ పిల్ల నాయినమ్మ, పానం ఇడిసింది. నర్సింగమ్మ. గీ ఊర్ల సగం మంది ఆమె చేతుల్నే పుట్టిన్రు. మంత్రసాని. చిన్నప్పుడు రోకటి కింద పడి చిటికెన వేలు వంకరైంది. చెప్తే మీరు జాగా తీసుకోరని చెప్పలే. తప్పాయె."

రఘుపతి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఫికర్ జేయకు మామా" అన్నాడు. ఆ మాట అతనికే వినపడలేదు.

జాగా ఖాళీ చేసి పాలమూరు పోదామా అని ఆ రాత్రి వందసార్లు అనుకున్నాడు. తెల్లారేసరికి అరుగు మీద యాదలక్ష్మి అనే ఆమె ఏడుస్తూ కూర్చుంది. పన్ను పోటుకు మూడు రోజులుగా నిద్ర లేదట. పొమ్మనలేకపోయాడు.

ఈసారి మాత్రం ఒక కన్ను నోట్లో, ఒక కన్ను కుర్చీ అవతల పెట్టాడు. యాదలక్ష్మి ఎడమ చెయ్యి లేచింది. అక్కడ ఎవరూ లేరు. గోడ, పరదా, అంతే. ఆమె వేళ్లు దేన్నో చుట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. పిడికిలి పడలేదు. వేళ్లకూ అరచేతికీ మధ్య ఖాళీ మిగిలింది. ఇంకో మనిషి చెయ్యి పట్టేంత ఖాళీ. ఆమె బిగించిన కొద్దీ గోళ్లు తెల్లబడ్డాయి గానీ ఆ ఖాళీ మాత్రం తగ్గలేదు.

రఘుపతి చేతిలో పటకారు వణికింది. యాదలక్ష్మి మాత్రం కళ్లు మూసుకుని నిమ్మళంగా ఊపిరి పీలుస్తోంది.

ఆమె వెళ్లిపోయాక కుర్చీకి ఆనుకుని నిలబడి, చెమట తుడుచుకుంటున్నాడు. మూసిన తలుపు అవతల నుంచి గొంతు వినబడింది.

"డాక్టర్ సాబ్. నేనే, అండాలును."

"అమ్మా! జర దగ్గి మాట్లాడరాదూ, సచ్చిపోతుంటి!"

"ఇయ్యాల గూడ... పట్టుకుందా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అవ్" అన్నాడు.

ఇంతలో మన డాక్టరుకు ఇంకో సంగతి తట్టింది. దయ్యం భయంలో ఉన్నా పండ్ల డాక్టరు పండ్ల డాక్టరే.

"అండాలూ, నీకు ఏ పన్ను నొస్తాంది?"

"నాకేం నొస్తలేదు."

"నోరు సగమే తెరిచి మాట్లాడుతున్నవ్. కుడి దిక్కు, కింది దవడ. అందుకేనా గా కొంగు?"

తలుపు అవతల ఆమె ఊపిరి బిగపట్టింది. "మీకెట్ల తెల్సింది?"

"నేను దేనికి సదివిన మరి? రేపొద్దున రా. అయిదు నిమిషాల పని."

"నేను గా అర్రలకు రాను. సచ్చినా రాను."

ఆమె రానంటే అతను ఊరుకున్నాడా? మళ్లీ గదిలోకి రమ్మని అడగలేదు. మధ్యాహ్నం రోగులు లేని వేళ తలుపుకు ఇవతల స్టూలు వేసుకుని కూర్చునేవాడు. చెక్కలకు అవతల ఆమె కూర్చునేది. తలుపు కింద వేలెడు సందు ఉంది. మొదటి రోజు చిన్న అద్దం దాని కిందికి జరిపాడు.

"నీ పన్నును నువ్వే చూడు. నేను జూడ. ఎట్లున్నదో చెప్పు."

"నల్లగుంది. పక్కన సిగురు ఉబ్బింది. థూ!"

"థూ అనకు, పాపం. అది నీ పన్నేనాయె."

రెండో రోజు పటకారు జరిపాడు. ఆమె దాన్ని పట్టుకుని, "గింత చిన్నగుందా? నేను బాయిల బొక్కెన తీసే గాలమంత అనుకున్న" అంది. మూడో రోజు అడిగింది, "మీ పండ్లు ఎవలు గుంజిన్రు డాక్టర్ సాబ్?"

"ఎవలకు చెప్పనంటే చెప్త. నా దోస్తు నాకు జ్ఞానదంతం తీస్తనంటే హాస్టల్ గోడ దుంకి ఉరికిన."

ఆమె ఫక్కున నవ్వింది. వెంటనే "అబ్బా" అని మూలిగింది.

"నవ్వకు, నవ్వకు! తప్పు నాదే."

"నవ్విపిచ్చేది మీరు, నవ్వకు అనేది మీరు."

ఆమె నవ్వు వినడానికి ఏమైనా చెయ్యాలనిపించింది అతనికి. ఆమెకు నొప్పి పుట్టకుండా ఇంకా ఎక్కువ ఏమైనా చెయ్యాలనిపించింది. ప్రేమంటే ఇదేనని అతనికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

నాలుగో రోజు ఆమె తనంతట తనే చెప్పింది.

"అవ్వ పోయేనాడు నేనొక్కదాన్నే ఉన్న ఇంట్ల. నాయిన అంగడికి పోయిండు. ఆమె గొంతుల గురగురమంటాంది. నాకు పానం గజగజ వణికింది. గప్పుడు ఆమె చెయ్యి నా దిక్కు చాపింది. పట్టుకొమ్మని. నేను పట్టుకోలే డాక్టర్ సాబ్. ఉరికి బయటికొచ్చి వాకిట్ల నిలవడ్డ. మళ్ల పొయ్యేసరికి అయిపోయింది. చెయ్యి అట్లనే చాపి ఉంది."

రఘుపతి స్టూలు తలుపుకు ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"ఊర్ల వాళ్లందరి చెయ్యి పట్టుకుంటాందట. నేను కూసుంటే నా చెయ్యి పట్టుకోది. ఎందుకు పట్టుకుంటది? నేను పట్టుకున్ననా?" ఆమె ఏడుస్తోంది. "ఒకవేళ పట్టుకుంటే... దానికి గూడ నాకు భయమే."

అప్పుడు అతనికి ఊపిరి చప్పుళ్లు వినబడ్డాయి. ఒకటి తలుపు అవతల, ఎక్కిళ్ల మధ్య. ఒకటి తనది. ఇంకొకటి తన భుజం పక్కనే, మెల్లగా, వయసు మళ్లిన మనిషిది. అతను తల తిప్పలేదు. స్టూలు మీదే బిగుసుకుని, అండాలు ఏడుపు ఆగేదాకా కూర్చున్నాడు. లేచి పారిపోతే ఆ పిల్లను వదిలి పోయినట్టవుతుందనిపించింది.

ఆ మరునాడే వాన ముదిరింది. వాగు పొంగి బస్సు బందైంది. అండాలు దవడ వాపు గొంతు కిందికి దిగింది. జ్వరం. రఘుపతి ఇంట్లోకి పోయి పూటపూటకూ పెన్సిలిన్ సూది వేశాడు. రెండు రోజులైనా వాపు తగ్గలేదు. మూడో రోజు పొద్దున ఆమెకు మంచినీళ్లు కూడా మింగుడు పడలేదు.

కాటమయ్యను వాకిట్లోకి పిలిచాడు. "మామా, ఇగ దాపెట్టేది లేదు. చీము కిందికి దిగుతాంది. పన్ను తీసి చీము బయటికి పంపకుంటే గొంతు మూసుకపోతది. ఊపిరాడది. పాలమూరు పోదామంటే తొవ్వ లేదు. ఇయ్యాలనే తియ్యాలె."

"తియ్యి బిడ్డా. నీ కాళ్లు మొక్కుత."

"వాపున్న కాడ మత్తు సూది సరిగ పట్టది. నొప్పి తెలుస్తది. ఆమె బెదిరి కదిలితే పని ఖరాబైతది." అతను మొహం తుడుచుకున్నాడు. "నాకు భయమైతాంది మామా."

హస్తవాసి పొగరు ఎప్పుడో దిగిపోయింది. ఆ పిల్ల బతకాలి, అంతే. అతనికి ఇంకేమీ అక్కరలేదు.

"కుర్చీ కాడికి రానక్కర్లేదు అండాలూ, మీ అరుగు మీదనే చేస్త" అన్నాడు ఆమె మంచం పక్కన గొంతుకూర్చుని.

ఆమె కళ్లు తెరిచింది. మాట గుసగుసగా వచ్చింది. "వద్దు. గా అర్రల్నే. నేనే వస్త."

ఇరుగింటి బాలనర్సమ్మ ఒక పక్క, కాటమయ్య ఒక పక్క పట్టుకుని వానలోనే నడిపించుకొచ్చారు. బాలనర్సమ్మ డెబ్బై ఏళ్ల ముసలమ్మ. ఏడుగురు పిల్లల్ని కన్నది, ఏడు కాన్పులూ నర్సింగమ్మ చేతి మీదే. పరదా పక్కన చెయ్యి సంగతి కాటమయ్య ఆమెకు ముందే చెప్పాడు. గడప దగ్గర అండాలు ఆగిపోయింది. ఎవరూ తొందర పెట్టలేదు. కాసేపటికి తనే కాలు లోపల పెట్టింది.

రఘుపతి కాటమయ్యను అరుగు మీద కూర్చోబెట్టాడు. సామాను వేడినీళ్లలోంచి తీశాడు. సూది వేసి, మత్తు ఎక్కేదాకా ఆగాడు. చేయబోయేది ఒక్కొక్కటే చెప్పాడు. "గిది అద్దం. గిప్పుడు వేలు పెడ్తున్న. గిప్పుడు ఒత్తుత, ఒత్తినట్టే ఉంటది. నొప్పైతే ఎడమ చెయ్యి లేపు."

పటకారు పన్నును పట్టింది. అండాలు వెన్ను విల్లులా వంగింది. ఎడమ చెయ్యి లేచింది.

అతను ఆపేశాడు. పటకారు తీసి పళ్లెంలో పెట్టాడు.

ఆమె చెయ్యి గాలిలో ఉంది. వేళ్లు విప్పి, అరచెయ్యి పైకి తిప్పి, అడుక్కునేవాళ్లలా చాపింది. పరదా కదలలేదు. వాన చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. ఆమె కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"రాలే," అంది. "చెప్పలేదా నేను? నా కాడికి రాది."

రఘుపతి తన చెయ్యే ఇద్దామంటే పనికి రెండు చేతులూ కావాలి.

"గట్ల చాపుకుంటే ఎట్ల దొరుకుతది బిడ్డా?" అంది గోడ వారనున్న బాలనర్సమ్మ, కొంచెం కసురుకుంటున్నట్టు. "మీ అవ్వ ఎన్నడన్న ఎవల చెయ్యన్న పట్టిందా? ఏడు కాన్పుల్ల ఒక్కసారి నా చెయ్యి పట్టలే. తన చెయ్యి నా ముందల పెట్టేది, ఊకుండేది. 'నువ్వు పట్టు, నీకెంత బలముంటే అంత పట్టు' అనేది. గా చిటికెన వేలు కందిపొయ్యేటట్టు పిసుకుతుంటిమి. నొప్పి వడేటోల్లే పట్టుకోవాలె, అది ఆమె పద్ధతి."

అండాలు కదలకుండా వింటోంది.

"అయితే... గా దినం నా దిక్కు చాపిన చెయ్యి..."

"గా దినం ఏంది?" అని, బాలనర్సమ్మ ఒక్క క్షణంలో అంతా గ్రహించింది. గొంతు మెత్తబడింది. "పిచ్చిదానా! ఆమె నిన్ను చెయ్యి అడిగిందనుకున్నవా? అడిగే మనిషేనా ఆమె? నువ్వు వణుకుతున్నవని తన చెయ్యి నీకిచ్చింది. సచ్చేటామెకు ఏం భయం! భయం నీకాయె."

అండాలు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మూడేళ్లుగా లోపల గడ్డకట్టింది ఏదో తెగినట్టుంది అది. పైకి లేచి ఉన్న చెయ్యి మెల్లగా తిరిగింది. అడుక్కునే చెయ్యి పట్టుకునే చెయ్యి అయింది. గాలిలో వెతికింది.

వేళ్లు ముడుచుకున్నాయి. అరచేతికి తగలకుండా, నడుమ ఒక చెయ్యి పట్టేంత ఖాళీతో, ఆగిపోయాయి.

అండాలు కళ్లు పెద్దవయ్యాయి. ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. కానీ ఆ పిల్ల ఆ చెయ్యి వదల్లేదు. ఇంకా గట్టిగా బిగించి, అతని వైపు చూసి, నోరు తెరిచింది.

"కానియ్యుండ్రి," అన్నట్టు కళ్లు ఆర్పింది.

అతను పటకారు అందుకున్నాడు. ఈసారి అతని చేతులు వణకలేదు. పన్ను కదిలింది, కదిలింది, వచ్చేసింది. వెనకే చీము, నెత్తురు. బాలనర్సమ్మ పళ్లెం పట్టింది. అండాలు మూలిగింది, కన్నీళ్లు కార్చింది, కదల్లేదు.

అంతా అయ్యాక కూడా ఆమె ఆ వేళ్లు చాలాసేపు విప్పలేదు. విప్పినప్పుడు గదిలో చలి తగ్గింది. రఘుపతి కుర్చీ పక్కన నేల మీదే కూలబడి, ఎవరున్నారో చూసుకోకుండా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "డాక్టరువా, ఏందయ్యా?" అని బాలనర్సమ్మ కసిరింది. ఆమె కూడా ముక్కు చీదుకుంటోంది.

మూడు రోజులకు జ్వరం దిగింది. వారానికి వాపు పోయింది. కొంగు అవసరం లేకుండా అండాలు చెంప మొదటిసారి అతనికి కనబడింది. అక్కడొక పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలిసింది మన డాక్టరుకు. ఆ పూట రోగిని చూడాల్సింది మరిచిపోయి దాన్నే చూశాడు.

దవాఖానలో మాత్రం రోజులు మారాయి. ఇప్పుడు లేచిన చేతికి గాలి తప్ప ఇంకేమీ దొరకడం లేదు. రఘుపతి నిజంగా ఆపాల్సి వస్తోంది. ఆపుతున్నాడు. నీళ్లు తాగించి, ముచ్చట చెప్పి, మళ్లీ మొదలుపెడుతున్నాడు. ఒక్కొక్క పన్నుకు గంట పడుతోంది. "గా అమ్మ పని ఇడిసిపెట్టిందా సారూ?" అని జనం అడుగుతున్నారు.

"హస్తవాసి ఏమాయె డాక్టర్ సాబ్?" అంది అండాలు ఒక మధ్యాహ్నం, తమ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ. సన్నగా వాన పడుతోంది. కాటమయ్య లోపల తాళ్లు పేనుతున్నాడు.

"నాదెప్పుడుండె? అది మీ అవ్వది."

"పాపం."

"ఎక్కిరించకు. నాకు ఒక మనిషి అవసరం." అతను గొంతు సవరించుకున్నాడు. "కుర్చీ పక్కన ఉండనీకె."

"కంపౌండర్‌నా?"

"కాదు."

"మరి?"

"నా పక్కన గూడ ఉండనీకె. దినాం. బతికినంత కాలం." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు లేకుంటే నాకు దిక్కు తోచది అండాలూ. నువ్వు మంచం మీద ఉన్నప్పుడు నా పానం నా తాన లేకుండె. నీకిష్టం లేకుంటే చెప్పు, ఇగ ఈ మాట ఎత్తనే ఎత్త."

గింజలు తీసే చేతులు ఆగిపోయాయి.

లోపలి నుంచి కాటమయ్య గొంతు వినిపించింది. "'కాకా' అన్నోడు 'మామా' అన్ననాడే నాకు ఎరికాయె. పిల్లకిష్టమైతే మీ అమ్మ నాయినలను తీస్కరా బిడ్డా. నాదేమున్నది!"

అండాలుకు నవ్వొచ్చింది. ఈసారి నొప్పి లేకుండా, నోరారా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి కొంగుకు తుడుచుకుని, అరుగు మీద, ఇద్దరి మధ్యన పెట్టింది. ఏమీ మాట్లాడలేదు.

రఘుపతి ఆ చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

అప్పుడు వాళ్లిద్దరి చేతుల మీద మూడో చెయ్యి పడింది. చల్లగా, గరుకుగా. కనబడలేదు గానీ దాని బరువు ఇద్దరికీ తెలిసింది. అండాలు అతని వైపు చూసింది, అతను ఆమె వైపు చూశాడు. ఆమె ఒళ్లు నిలువునా వణికింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అవ్వా," అంది మెల్లగా, ఎదురుగా ఎవరూ లేని వాన వైపు చూస్తూ. "శానా మంది కాడ నిలవడ్డవ్. ఇగ నేను నిలవడ్త. నువ్వు జర పండుకో."

ఆ బరువు ఇంకొంచెంసేపు అలాగే ఉంది. తరువాత లేదు.